రెండు బ్లేడ్ల నడుమ సందు: నిత్యం గడ్డం గీసుకునేవారికి పాత జంట బ్లేడ్ల రేజర్ల పరిశీలన

(విజయనగరంలోని ఒక గ్రంథాలయ సభాభవనంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు అధ్యక్షత వహించిన పెద్దలకు, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఇరవయ్యో ఏట మొదలుపెట్టి డెబ్బయ్యో ఏటిదాకా రోజూ గడ్డం గీసుకునే మనిషి తన జీవితంలో పద్దెనిమిది వేల సార్లకు పైగా ఉక్కు అంచును ముఖంమీద నడిపిస్తాడు. ఒంటిమీద మనం వాడే పనిముట్లలో ఇంత పదునైనదీ, ఇంత తరచుగా వాడేదీ మరొకటి లేదు. అయినా దుకాణంలో నిలబడి ఏ రేజరు కొనాలో తేల్చుకోవడానికి అర నిమిషం కూడా వెచ్చించం. తోరణాల్లా వేలాడుతున్న అట్టల్లో కంటికి నచ్చినదాన్నో, దుకాణదారు చేతికిచ్చినదాన్నో జేబులో వేసుకుని వచ్చేస్తాం. ఆ తరువాత మంట పుట్టినా, మెడమీద పొక్కులు లేచినా, మన చర్మమే సున్నితమైనదనుకుని సరిపెట్టుకుంటాం. ముప్పై ఏళ్లపాటు పాలిటెక్నిక్‌లో కోత పనిముట్ల పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు ఈ సంగతి ఎప్పుడూ మనసులో గుచ్చుకుంటూనే ఉండేది. లేతు మిషనుమీద ఇనుమును కోసే టూలుకు ఏ పక్క ఎంత కోణం ఉండాలో నెలరోజులు నేర్పించే మేము, ప్రతి ఉదయం మా పిల్లలు తమ ముఖాలమీద నడిపే టూలు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఈ రోజు నేను మాట్లాడదలచినది పాత జంట బ్లేడ్ల కార్ట్రిడ్జి రేజర్ల గురించి మాత్రమే. కార్ట్రిడ్జి అంటే బ్లేడ్లను లోపలే బిగించి, అరిగాక మొత్తంగా తీసి పారేసే తల. 1971లో మొదలై 1990ల నడుమ వరకు వచ్చిన రకాలివి. 1998లో మూడు బ్లేడ్ల మ్యాక్ త్రీ వచ్చింది. అక్కడినుంచి బ్లేడ్ల సంఖ్య పెరుగుతూ పోయింది. రోజూ గీసుకునేవాడికి రెండు బ్లేడ్లకు మించి అవసరం లేదన్నది నా అనుభవం. అయితే రెండు బ్లేడ్ల రేజర్లన్నీ ఒకటి కావు. వాటిని పోల్చవలసింది పిడి మెరుపును బట్టి కాదు, పైన అంటించిన జిగురు పట్టీని బట్టి కాదు. ఆ రెండు బ్లేడ్ల నడుమ ఉన్న సందు నీటికి ఎలా శుభ్రపడుతుందో దాన్నిబట్టి. ఈ మాట ఎందుకంటున్నానో వివరించడానికే వచ్చాను.

నాగావళి ఒడ్డున మా పల్లెలో, నా చిన్నతనంలో, గడ్డం ఎవరికి వారు గీసుకునేది కాదు. నాయీబ్రాహ్మణ వృత్తిలో ఉన్న ఒక పెద్దాయన వారానికి రెండుసార్లు పొది చంకన పెట్టుకుని వచ్చేవారు. పంట చేతికొచ్చాక కళ్లంలో ఆయనకు కుంచాలతో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. వేపచెట్టు కింద పీటమీద మా తాతగారిని కూర్చోబెట్టి, ఒక చిన్న గిన్నెడు నీళ్లతో గడ్డమంతా చాలాసేపు నానబెట్టేవారు. తోలుపట్టీమీద కత్తిని అటూ ఇటూ తిప్పి తీసిన తరువాత, ఎడమచేతి బొటనవేలితో బుగ్గను పైకి లాగిపట్టి, కత్తిని చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో ఆనించి, వెంట్రుక వాలిన దిక్కుకే ఒక్క గీత గీసేవారు. గీసిన ప్రతిసారీ నురగను తన ఎడమ మణికట్టుమీద తుడిచేవారు. ఆ గీత చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది; ఎండిన తాటాకుమీద గోరుతో గీసినట్లుండేది. కోణం, బరువు, వేగం మూడూ ఆయన చేతిలోనే ఉండేవి. తరువాత వచ్చిన రేజర్లన్నీ ఆయన చేతిలోని ఆ నేర్పును ఫ్యాక్టరీలోనే లోహంలోకి ఎక్కించడానికి చేసిన ప్రయత్నాలే. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ 1901లో సంస్థ పెట్టి, పారవేసే బ్లేడును అమ్మకానికి తెచ్చిన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ రేజరులో కోణం సగం పనిముట్టుది, సగం మనిషిది. కార్ట్రిడ్జిలో కోణం దాదాపు పూర్తిగా పనిముట్టుదే అయింది.

ఉద్దానం వైపు చాలా కుటుంబాల్లో లాగే మా కుటుంబంలోనూ ఓడమీద పనిచేసేవారొకరు ఉండేవారు, మా పెద్దబావగారు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు నాకొక లోహపు పిడి, దానికి సరిపడే అయిదు కార్ట్రిడ్జిలు తెచ్చిచ్చారు. యూరప్‌లో జీటూ అనీ, అమెరికాలో ట్రాక్ టూ అనీ అమ్మిన రేజరు అది. మా నాన్నగారు సెవెనో క్లాక్ బ్లేడుతో, మరచుట్టు రేజరుతో గీసుకునేవారు. ఆయన దీన్ని చేతిలోకి తీసుకుని, బ్లేడు ఎక్కడ విప్పాలిరా అని అడిగారు. విప్పేది కాదు నాన్నగారూ, అరిగిపోయాక తలే తీసి పారేయాలి అంటే, చాలాసేపు మాట్లాడలేదు. అంత ఉక్కునూ ప్లాస్టిక్కునూ కలిపి అతికించి పారవేయడం ఆయనకు నచ్చలేదు. ఆయన అభ్యంతరం నేటికీ సరైనదే. దాన్ని నేను కొట్టిపారేయను.

ఇప్పుడు రెండో బ్లేడు ఎందుకొచ్చిందో చూద్దాం. 1962లో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ సోర్డ్ సంస్థ పూతపూసిన స్టెయిన్‌లెస్ బ్లేడును అమ్మకానికి తెచ్చింది. అంతకుముందున్న కార్బన్ ఉక్కు బ్లేడు తడి తగిలితే రెండు మూడు రోజుల్లో తుప్పు పట్టేది, ఇది పట్టలేదు. తుప్పు పట్టని బ్లేడు చేతికొచ్చాకనే, విప్పి తుడవడానికి వీల్లేకుండా ప్లాస్టిక్కులో బిగించిన బ్లేడు అనే ఆలోచనకు అర్థం ఏర్పడింది. అదే దశకంలో, ఇంగ్లండులోనే రెడింగ్ పట్టణంలో ఉన్న జిలెట్ పరిశోధనశాలవారు ఒక విషయం గమనించారు. బ్లేడు వెంట్రుకను కోసేటప్పుడు కోయడం ఒక్కటే జరగడం లేదు. తెగేలోపు వెంట్రుక తన గుంటలోంచి కొంచెం పైకి లాగబడుతోంది. తెగిన తరువాత అది వెంటనే వెనక్కి పోదు, కాస్త ఆలస్యంగా చర్మంలోకి జారుతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో రెండో అంచు వచ్చి మళ్లీ కోయగలిగితే, చర్మంపై మట్టానికంటే ఇంకా కిందికి కోసినట్లవుతుంది. ఈ ఆలస్యానికి వారు హిస్టెరెసిస్ అని పేరు పెట్టారు. మనవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమయ్యే సంగతి. వరి కోసేటప్పుడు ఎడమచేత్తో దుబ్బును పట్టి కొంచెం లాగి కొడవలి పెడతాం కదా. మొదటి బ్లేడు ఆ ఎడమచెయ్యి, రెండోది కొడవలి. 1971లో ట్రాక్ టూ ఈ సూత్రంమీదే వచ్చింది. తరువాత షిక్ సంస్థ సూపర్ టూ పేరుతో తన జంట బ్లేడును తెచ్చింది.

ఈ సూత్రంలోనే ఒక చిక్కు దాగి ఉంది. మొదటి బ్లేడు, రెండో బ్లేడు మరీ దూరంగా ఉంటే వెంట్రుక వెనక్కి జారిపోయాక రెండోది వస్తుంది; పైగా ఆ ఖాళీలోకి చర్మం ఉబ్బి, రెండో అంచుకు ఎదురవుతుంది. అందుకని రెండింటినీ దగ్గరగా పెట్టాలి. మరీ దగ్గరగా పెడితే కోసిన వెంట్రుకలూ, నురగా ఆ ఇరుకులో ఇరుక్కుని గట్టిపడతాయి. జంట బ్లేడ్ల రేజరు చరిత్ర అంతా ఈ రెండు అవసరాల నడుమ రాజీ కుదర్చడమే. ట్రాక్ టూలో రెండు బ్లేడ్లూ ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ పలుచని పలక పెట్టి బిగించారు. ఆ పలక ఉన్నచోట నీటికి దారి ఉండదు. వెనుకవైపున్న కంతల్లోంచే వెళ్లాలి.

నీటికి దారి అన్నాను కాబట్టి, ఈ సందర్భంలో 2002 నాటి ఒక సంగతి తప్పక చెప్పాలి. ఇది జిలెట్ సంస్థ అధికారే తరువాత పత్రికలవారికి చెప్పుకున్న విషయం. భారతీయుల గడ్డం దట్టమైనదనీ, వెంట్రుక మందమనీ, పైగా మనవాళ్లు రెండు మూడు రోజులకొకసారి గీసుకుంటారు కాబట్టి పొడవుగా పెరిగి ఉంటుందనీ ఆలోచించి, జిలెట్ సంస్థ మనకోసం వెక్టర్ రేజరుకు ఒక చిన్న నెట్టుడు పట్టీ అమర్చింది. దాన్ని కిందికి నెడితే సందులో ఇరుక్కున్న వెంట్రుకలు బయటికొస్తాయి. అమ్మకానికి ముందు పరీక్షించడానికి భారతదేశం దాకా రాకుండా, అమెరికాలో బోస్టన్ పక్కనున్న ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదివే భారతీయ విద్యార్థులకు ఇచ్చారు. అందరూ చాలా బాగుందన్నారు. తీరా ఇక్కడ అమ్మితే జనం తీసుకోలేదు. కారణం తెలియక, వారు ఇక్కడికి వచ్చి మనుషులు గడ్డం గీసుకుంటుంటే దగ్గర కూర్చుని చూశారు. అప్పుడు అర్థమైంది: ఎంఐటీ విద్యార్థుల గదుల్లో కుళాయి నీరు ధారగా పడుతుంది, ఇక్కడ మనిషి ఒక గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టుకుని గీసుకుంటున్నాడు. ధార లేకపోతే ఆ పట్టీ ఎంత నెట్టినా సందు తెరుచుకోదు.

ఈ సంగతి చదివినరోజు నేను పుస్తకం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లాను. మా ఇంట్లో గూట్లో పెట్టుకున్న అద్దం, పక్కన ఒక మగ్గు, అందులో సగానికి నీళ్లు: నలభై ఏళ్లుగా నేను గీసుకునే పద్ధతీ అదే. ఇక్కడున్నవారిలో చాలామంది పద్ధతీ అదే అయి ఉంటుంది. కుళాయి ఉన్న ఇంట్లో కూడా, నీటిని పారబోయడం మనసొప్పక, మగ్గులోనే ముంచుతాం. అంటే మన రేజరును మగ్గు నీటిలో పరీక్షించాలి. నేను అలాగే చేశాను.

ఆ పరీక్ష ఎలా చేశానో చెబుతాను. మూడు పిడులు తీసుకున్నాను: బావగారిచ్చిన ట్రాక్ టూ, మన దుకాణాల్లో దొరికే వెక్టర్, తరువాత సంపాదించిన సెన్సర్. వెక్టర్ 1977లో వచ్చిన ఏట్రా వంశానికి చెందినది. ఏట్రా అంటే తల ఊగే మొదటి రేజరు, యూరప్‌లో కాంటూర్ పేరుతో అమ్మారు. తెల్లని ఎనామిల్ గిన్నెలో లీటరు నీళ్లు, ఒకే సబ్బు, ఒకే బ్రష్షు, మూడింటికీ కొత్త కార్ట్రిడ్జిలు. మొదట వారంపాటు రోజూ గీసుకుంటూ, తరువాత మూడేసి రోజులు పెంచి గీసుకుంటూ చూశాను. ప్రతిసారీ నాలుగు గీతల తరువాత తలను గిన్నెలో ముంచి మూడుసార్లు ఆడించి, గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే అద్దంతో సందులోకి చూశాను.

రోజూ గీసుకున్న వారంలో మూడింటికీ తేడా దాదాపు కనబడలేదు. ఒక్కరోజు పెరుగుదల అంటే మిల్లీమీటరులో మూడో వంతు, మరికాస్త. ఆ పొడి ముక్కలు ఇసుకలా రాలిపోతాయి. గిన్నె అడుగున తెల్లని ఎనామిల్‌మీద ఆవపిండి చల్లినట్లు కనిపించాయి. మూడు రోజుల గడ్డానికి వచ్చేసరికి కథ మారింది. ట్రాక్ టూ రెండో ముంపుకే సందు అంతా బూడిదరంగు ముద్దతో నిండింది. అద్దంలోంచి చూస్తే, వెంట్రుక ముక్కలు అడ్డంగా, ఒకదానిమీద ఒకటి, తాటాకు ఇంటికప్పులో కమ్మల్లా అల్లుకుని, వాటి నడుమ సబ్బు తెట్టె పట్టి కనబడింది. అలా నిండిన తరువాత రెండో బ్లేడు అంచు వెంట్రుకను తాకనే తాకదు. నురగను తోసుకుంటూ పోతుంది. మనమేమో తెగడం లేదని చేతి బరువు పెంచుతాం. మంట పుట్టేది అక్కడే. వెక్టర్ దీనికంటే కొంత నయంగా ఉంది. సెన్సర్ మాత్రం మూడు ఆడింపుల్లో దాదాపు శుభ్రంగా బయటికొచ్చింది.

దానికి కారణం దాని నిర్మాణంలో ఉంది. 1990 జనవరిలో వచ్చిన సెన్సర్‌లో బ్లేడ్లను పేర్చి బిగించలేదు. సన్నని ఉక్కు పట్టీని దన్నుపలకకు లేజర్‌తో అతికి, ఒక్కో బ్లేడును విడివిడిగా చిన్న ప్లాస్టిక్ స్ప్రింగులమీద నిలబెట్టారు. తలను పక్కనుంచి చూస్తే రెండు బ్లేడ్ల నడుమ నుంచి అవతలి వెలుతురు కనబడుతుంది. వెలుతురు పోయేచోటికి నీరూ పోతుంది. దుకాణంలో రేజరు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: తలను దీపం వైపు తిప్పి, సందులోంచి వెలుతురు ఎంత వస్తోందో చూస్తాను. ప్యాకెట్ పారదర్శకంగా ఉంటే విప్పకుండానే చూడవచ్చు. తరువాత వచ్చిన సెన్సర్ ఎక్సెల్‌లో ముందుకమ్మీ, అంటే బ్లేడ్లకు ముందు చర్మానికి ఆనే కమ్మీ, బదులు అయిదు మెత్తని రబ్బరు రెక్కలు పెట్టారు. అవి చర్మాన్ని సాగదీసి పడతాయి, మన పెద్దాయన బొటనవేలు చేసిన పనే.

అయితే ఇంత చెప్పి నేను రోజూ వాడేది సెన్సర్ అనుకోకండి. నేను రోజూ గీసుకుంటాను. రోజూ గీసుకునేవాడికి ట్రాక్ టూ సందు సమస్య కాదు. అలాంటప్పుడు దాని కదలని తల నాకు గొప్ప సుఖం. లేతుమీద పనిచేసినవారికి తెలుస్తుంది, టూలు బిగింపు ఊగితే కోత చెడుతుంది. ఊగే తల బుగ్గమీదా దవడ వంపుమీదా హాయిగా ఉంటుంది, కాదనను. కాని అది మన చేతికి బద్ధకం నేర్పుతుంది. ఎంత నొక్కినా తల సర్దుకుంటుంది కదా అని నొక్కుతూ పోతాం. కదలని తల అలా ఊరుకోదు. కోణం తప్పితే వెంటనే గరగరమని తెలియజేస్తుంది, చెయ్యి దానంతట అదే తేలికవుతుంది. ముక్కు కింద, పెదవి కొసన, మీసం అంచు తీర్చేచోట కదలని తలకు సాటి లేదు. లోహపు పిడి బరువుకూడా ఇక్కడ సాయపడుతుంది. పిడిని దాని బరువుమీదే జారనిస్తే చాలు.

మా మామయ్యగారికి ఎనభై దాటాయి. చెయ్యి కొంచెం వణుకుతుంది, మెడ చర్మం ముడతలు పడింది, వారానికి రెండుసార్లే గీసుకుంటారు. ఆయనకు నేను నా ట్రాక్ టూ ఇవ్వను. ఆయనకు సెన్సరే తగినది: తల ఊగుతుంది, బ్లేడు స్ప్రింగుమీద వెనక్కి తగ్గుతుంది, పెరిగిన వెంట్రుక ఇరుక్కోదు. వెక్టర్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పిడి తేలిక, పట్టు మామూలు, కార్ట్రిడ్జి అందుబాటు ధర. పాలకొండలోనైనా పలాసలోనైనా దొరుకుతుంది. మన ప్రాంతంలో ఉద్యోగాలకు వెళ్లే కుర్రవాళ్లకు రోజూ గీసుకోవడానికి అది చాలు. ఏట్రా ప్లస్‌తో 1985లో మొదలైన జిగురు పట్టీ గురించి ఒక్క మాట: అది నీటిలో కరిగే పాలిమర్‌ను ప్లాస్టిక్కులో కలిపి పోసిన పట్టీ. తడిస్తే జారుడు వస్తుంది. మంచి నురగ ఉన్నచోట దాని అవసరం తక్కువ. అది వెలిసిపోయిందని బ్లేడును పారవేయనక్కర్లేదు.

ఇక ఉక్కు విషయం. గడ్డం బ్లేడుకు వాడేది సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు. స్టెయిన్‌లెస్ ఉక్కులోకి క్రోమియం చేరేది ఫెర్రోక్రోమ్ అనే మిశ్రమలోహం ద్వారా. మన గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం పొగగొట్టాలు చూస్తూ పెరిగినవారికి ఆ పేరు కొత్త కాదు. క్రోమియం ఉక్కుమీద కంటికి కనపడని పలుచని పొర కట్టి తుప్పును ఆపుతుంది. దానిమీద అంచుకు గట్టి లోహపు పూత, ఆపైన నాన్‌స్టిక్ పెనంమీద ఉండే పీటీఎఫ్‌ఈ పూత. కొత్త బ్లేడు మొదటి గీతలో అంత నున్నగా జారడానికి ఆ పూతే కారణం.

ఇంత గట్టి ఉక్కు ఇంత మెత్తని వెంట్రుకకు ఎందుకు లొంగిపోతుంది? వెంట్రుక బ్లేడు ఉక్కుకంటే సుమారు 50 రెట్లు మెత్తనిది. దీనికి సమాధానం 2020లో ఎంఐటీ పరిశోధకులే సైన్స్ పత్రికలో ప్రచురించారు. అంచు సమానంగా అరిగి మొద్దుబారడం లేదు. చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక నిటారుగా తగిలినప్పుడు కాదు, వంగి పక్కవాటంగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకచోట గట్టిగా పక్కనే మెత్తగా ఉన్న హద్దులమీద ఈ పెచ్చు లేస్తుంది. నా కంటి అద్దానికి అంత శక్తి లేదు. కాని ఇది చదివాక నా అనుభవం నాకు అర్థమైంది. నానని వెంట్రుక గట్టిది; ఎండు గడ్డం వెంట్రుక అంతే మందమున్న రాగితీగంత గట్టిదని అంటారు. నీరు పీల్చుకున్న వెంట్రుకను కోయడానికి చాలా తక్కువ బలం చాలు. అందుచేత ఒక కార్ట్రిడ్జి ఎన్ని రోజులు వస్తుందన్నది, దానిమీద రాసిన మాటకంటే, గీసుకునే ముందు మీరు గడ్డాన్ని ఎంతసేపు నానబెట్టారన్నదానిమీద ఎక్కువ ఆధారపడుతుంది. స్నానం చేసి గీసుకుంటే మరీ మంచిది. లేదంటే గోరువెచ్చని నీటితో తడిపిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు అద్దుకోండి. మన సముద్రతీరపు ఊళ్లలో బోరు నీటికి సబ్బు విరిగి నురగ రాదు. అలాంటిచోట నురగకు మాత్రం ఒక గ్లాసు తాగునీరు వాడండి. బ్లేడు సందులో తెల్లని సున్నపు తెట్టె కట్టడమూ దాంతో తగ్గుతుంది.

గీసుకున్న తరువాత బ్లేడును తువ్వాలుతో తుడవడం మనలో చాలామందికి అలవాటు. ఆ పని చేయవద్దు. నూలు పోగులు అంచుమీద పక్కవాటంగా తగులుతాయి, సందులోనూ చిక్కుకుంటాయి. వేరే మంచినీటిలో ఒకసారి ముంచి, గట్టిగా విదిలించి, తల పైకి ఉండేట్లు గాలి తగిలేచోట నిలబెట్టండి. స్నానాలగదిలో సబ్బు పెట్టె పక్కన తడిలో పడుకోబెట్టిన రేజరుకు క్రోమియం కూడా ఎక్కువకాలం కాపలా కాయలేదు.

జంట బ్లేడుకు ఒక దోషం ఉంది, దాన్ని దాచకూడదు. చర్మం మట్టానికంటే కిందికి కోయడం దాని గొప్ప అన్నాం. ఉంగరాల వెంట్రుకలున్నవారికి అదే ఇబ్బంది అవుతుంది. కోసిన పదునైన మొన చర్మం కిందికి జారి, వంకర తిరిగి, బయటికి రాకుండా లోపలే పెరుగుతుంది. అక్కడ ఎర్రని పొక్కు లేస్తుంది. మెడమీద, దవడ కిందా ఎక్కువ. అలాంటివారు వెంట్రుక వాలిన దిక్కుకే, ఒక్కసారే గీసుకోవాలి, ఎదురు గీతకు పోకూడదు. అప్పటికీ తగ్గకపోతే ఒంటి బ్లేడే వారికి మేలు. 2010లో జిలెట్ సంస్థ మన దేశంకోసమే రూపొందించి తెచ్చిన గార్డ్ రేజరు ఒంటి బ్లేడుదే; అప్పట్లో పిడితో కలిపి 15 రూపాయలు, కార్ట్రిడ్జి 5 రూపాయలు. దాని తలలో నీటి దారులు విశాలంగా ఉంచారు. ఈసారి ఇక్కడి మనుషుల పక్కన, ఇక్కడి నీళ్ల గ్లాసు పక్కన కూర్చుని చేసిన రేజరు కాబట్టి అది మనకు కుదిరింది. నా చిన్న తమ్ముడికి పాతికేళ్లుగా ఉన్న మెడ పొక్కులు దానితో మానాయి. జంట బ్లేడును నేనెంత మెచ్చుకున్నా, వాడికి మళ్లీ అంటగట్టలేదు.

కొనుగోలు విషయంలో ఒక జాగ్రత్త. ఒక తిరునాళ్లలో నేను పాత పిడికి సరిపోతాయన్న కార్ట్రిడ్జిలు పది తక్కువ ధరకు కొన్నాను. మొదటి గీతకే చుబుకం తెగింది. అద్దంతో చూస్తే ముందుకమ్మీ చివర ప్లాస్టిక్ పొక్కు ఒకటి గోరుముక్కలా పొడుచుకుని ఉంది, పై బ్లేడు ఒక కొసన కొంచెం ఎత్తుగా నిలిచింది. బ్లేడు ఉక్కు చెడ్డది కాకపోవచ్చు, బిగింపు చెడ్డది. వెంట్రుకంత తేడా కూడా చర్మంమీద కోతే. పాత పిడులకు ఇతర సంస్థలు చేసే మంచి కార్ట్రిడ్జిలూ ఉన్నాయి. కాని ఏదైనా సరే, ముందు ఒక్కటే కొని, రెండు కొసల్లోనూ బ్లేడ్లు కమ్మీకి సమానంగా ఉన్నాయో లేదో వెలుతురులో చూసి, ఆ తరువాతే మిగిలినవి కొనండి.

ఇక్కడ ముందువరుసలోని అమ్మగారొకరు చీటీ పంపారు: తమ భర్తగారి దగ్గర పాత లోహపు పిడి ఉందనీ, వెక్టర్ బ్లేడు దానికి పడుతుందా అనీ అడిగారు. అమ్మా, పిడి కొసను చూడండి. తల ఊగకుండా బిగిసే పిడి అయితే అది ట్రాక్ టూ రకం. దానికి వెక్టర్ పట్టదు, ట్రాక్ టూ కార్ట్రిడ్జి అనే అడగాలి. కొసన అటూ ఇటూ రెండు చిన్న మొనలుండి, వాటిమీద తల ఊగేదయితే అది ఏట్రా రకం; దానికి వెక్టర్ పడుతుంది. సెన్సర్ బిగింపు ఈ రెండింటికీ వేరు. మూడింటి పిడులూ, కార్ట్రిడ్జిలూ, కంటి అద్దమూ ఆ బల్లమీద పెట్టాను. మీవారి పిడిని తెచ్చి ఉంటే ఇప్పుడే అమర్చి చూద్దాం.